లోయ వైపు సీట్లు

నేను వెళ్తున్నానని చెప్పాను. వెళ్ళొచ్చా అని అడగలేదు. మా ఇంట్లో రగడంతా ఆ ఒక్క తేడా దగ్గరే మొదలైంది.

"వచ్చే గురువారం పొద్దున ఏడింటి బస్సు. కొండ మీది ఊరికి. నాలుగు రోజులుండి సోమవారం దిగొస్తాను," అన్నాను, మా ఆయన కంచంలో మారు వడ్డిస్తూ.

ఆయన తల ఎత్తలేదు. "ఏముందక్కడ?"

"ఈ నెలలో చెట్లన్నీ ఎర్రబడతాయి. ఆకులు రాలతాయి."

"ఆకులు రాలడం చూడ్డానికి కొండెక్కాలా? మన వాకిట్లో రాలట్లేదూ? చీపురు పట్టుకో, కావలసినన్ని కనిపిస్తాయి," అని తన హాస్యానికి తనే నవ్వుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె గిన్నెలో పడేసిన చప్పుడికి నవ్వు ఆగింది గానీ మాట ఆగలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే," అన్నారు.

వచ్చే ఏడు! ఆ మాట వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. బస్టాండులో రిజర్వేషన్ కౌంటరులో కూర్చుని ఇరవయ్యారేళ్ళుగా నేను ఆ ఊరికి టికెట్లు ఇస్తున్నాను. ఇరవయ్యారు సార్లు ఆకులు రాలాయి. ఒక ఏడు ఆయన కళ్ళజోళ్ళ షాపుకి రంగులు వేయించారు. ఒక ఏడు అత్తయ్యకి కంటి ఆపరేషన్. ఒక ఏడు ఆయన పెదనాన్న కొడుకు వచ్చి పదిహేను రోజులు దిగబడ్డాడు, వాడికి మూడు పూటలా వండిపెట్టాను. కొన్నేళ్ళు కారణం కూడా లేదు. ఉత్తినే వచ్చే ఏడు.

అన్ని ఊళ్ళ టికెట్లూ కంప్యూటర్లోకి వెళ్ళిపోయినా కొండ బస్సుకి ఇప్పటికీ కాయితం చార్టే. పైన సిగ్నల్ దొరకదు, కండక్టరు చేతికి కాయితం ఇవ్వాల్సిందే. ఆ చార్టు నా బల్ల మీద పరిచి ఉంటుంది, బస్సు మూతి నా వైపుకి. మొదటి వరసలో నా కుడిచేతి పక్క ఒకటి, రెండు. ఎడమచేతి పక్క మూడు, నాలుగు. కొండెక్కేటప్పుడు లోయ ఎడమ పక్కన ఉంటుందని వెళ్ళొచ్చినవాళ్ళంతా చెబుతారు. రెండో పక్కంతా కొండరాయి, నాలుగు గంటలూ గోడ చూస్తూ కూర్చోవడమే. అందుకని మర్యాదగా మాట్లాడినవాళ్ళకి ఎడమ పక్క ఇచ్చేదాన్ని. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి అడక్కుండానే ఇచ్చేదాన్ని. కసురుకున్నవాళ్ళని, చిల్లర విసిరేసినవాళ్ళని రాయి పక్కన పడేసేదాన్ని. దొరికిన అధికారం అంతే, అదైనా వాడుకోకపోతే ఎలా?

వెళ్ళొచ్చినవాళ్ళు కొందరు తిరిగి వచ్చి కబుర్లు చెప్పేవాళ్ళు. "అబ్బ, ఆ లోయ ఏం లోయండీ!" అనేవాళ్ళు. పైన్ కాయలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. కౌంటరు కిటికీలో ఏడున్నాయి. విన్నదంతా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఏ లాడ్జిలో వేడినీళ్ళు పొద్దున తొమ్మిది దాకా వస్తాయి, ఏ మలుపు దగ్గర టీ బావుంటుంది, మంచు ఎన్నింటికి విడుతుంది, సరస్సు చుట్టూ నడవడానికి ఎంతసేపు పడుతుంది. ఆ ఊరు చూసినవాళ్ళకంటే చూడని నాకే ఎక్కువ తెలుసు. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకో రెండు నెలల్లో నాకు రిటైర్మెంటు. ఆ తర్వాత స్టాఫ్ పాసు ఉండదు. అది పెద్ద సంగతి కాదు. పెద్ద సంగతేమిటంటే, రిటైరైన మర్నాటి నుంచి నేను ఆయన షాపులో కౌంటరు చూసుకోవాలని ఆయన అప్పుడే ఖాయం చేసేశారు. నాకోసం ఒక కుర్చీ కూడా కొన్నారు, నడుముకి మెత్త ఉన్నది. ఆ కుర్చీని చూసిన రోజే నాకు తెలిసిపోయింది, ఈ ఏడు వెళ్ళకపోతే నేనిక ఈ జన్మలో వెళ్ళను.

"వచ్చే ఏడు కాదు. గురువారం," అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, తుడుచుకుంటూ, ఆఖరి బాణం తీశారు. ఎప్పుడూ గురి తప్పని బాణం. "సరే, వెళ్ళు. మరి అమ్మనెవరు చూసుకుంటారు?"

నేను నోరు తెరిచేలోపు లోపలి గదిలో రేడియో ఆగింది. చేతికర్ర టకటకలాడింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఒరేయ్, ఇన్నేళ్ళూ దాన్ని నా పేరు చెప్పే ఆపుతున్నావా?"

"అది కాదమ్మా, నీకు ఒంట్లో..."

"నా ఒంటికేం? డాక్టరు రోజూ నడవమన్నాడు. ఎక్కడ నడవాలో చెప్పలేదు." నా వైపు తిరిగారు. "ఏమే కోడలా, ఆ బస్సులో కాళ్ళు చాపుకోవడానికి చోటుంటుందా?"

"మొదటి వరసలో ఉంటుంది అత్తయ్యా."

"అయితే నాకూ ఒకటి రాయి. నన్ను చూసుకోవడానికి అది ఇంట్లో ఉండాలంటావు కదా. నేనే దాని వెంట ఉంటాను. ఇక నీకే దిగులూ లేదు."

ముప్పై మూడేళ్ళ కాపురంలో మా అత్తగారు నా పక్కన నిలబడ్డం అదే మొదలు. ఆవిణ్ణి వాటేసుకోవాలనిపించింది గానీ, మా ఇద్దరికీ అలాంటి అలవాటు లేదు. కంచాలు తీసి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ వారం రోజులూ ఇల్లు రెండు పార్టీలైంది. అత్తయ్య గదిలో మంచం మీద నోటుబుక్కు పెట్టుకుని మేమిద్దరం ఒక పార్టీ. ముఖం మాడ్చుకుని వరండాలో పేపరు వెనకాల ఆయనొక పార్టీ. శుక్రవారం సరస్సు, శనివారం తోట, ఆదివారం ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అని రాశాను. "ఏమీ చెయ్యకుండానా? అది రెండు రోజులు పెట్టు," అన్నారు అత్తయ్య. ఊలు టోపీలు కొన్నాం. వేడినీళ్ళ సంచీ, మందులు, రెండు శాలువాలు సర్దాం. పెట్టె మూత పడకపోతే అత్తయ్య దాని మీద ఎక్కి కూర్చున్నారు.

మధ్యలో ఆయనకి మోకాలినొప్పి వచ్చింది. మరుసటి రోజు అది భుజానికి పాకింది. నేను చెవిన పెట్టలేదు. "నేనేం తినాలి?" అన్నారు మంగళవారం. కుక్కర్ తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఇది మూత, ఇది విజిలు. మూడు కూతలు లెక్కపెట్టండి. ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేసే మనిషి, ఇది కనపడదా?" అన్నాను. లోపల అత్తయ్య పకపకా నవ్వారు.

బుధవారం. ప్రయాణానికి ముందు రోజు. పొద్దున్నే ఎర్ర స్వెటరు వేసుకున్న ఒకాయన కౌంటరు దగ్గరికొచ్చి, వేళ్ళతో అద్దం మీద టకటకా కొట్టాడు. "కొండ బస్సు. ఒకటి. తొందరగా కానీ, నిద్రపోతున్నావా?" అన్నాడు. కొండ మీదికి నాతోపాటు వస్తున్నాడు కాబట్టి ప్రత్యేకంగా, ఎంతో ప్రేమగా, ఒకటో నంబరు రాశాను. గోడ చూసుకో నాయనా అనుకున్నాను.

ఒంటిగంటన్నరకి కంట్రోలరు వచ్చాడు. బస్సులు వదలడం, సీట్ల తగువులు తీర్చడం ఆయన పని. నా కంటే పదేళ్ళు చిన్న. బల్ల మీదికి వంగి, "మేడమ్, రేపటి కొండ బస్సులో మూడు, నాలుగు మీవేగా? ఒక పెద్ద పార్టీకి కావాలి. మీది పాసు కదా, రూలు మీకు నేను చెప్పాలా?" అన్నాడు.

చెప్పక్కర్లేదు. పాసు మీద వెళ్ళే సిబ్బంది, డబ్బిచ్చి కొనేవాళ్ళు అడిగితే సీటు వదులుకోవాలి. ఆ రూలు నా చేత్తో ఎంతమంది మీద అమలు చేశానో! రెండేళ్ళ కిందట బస్టాండు ఊడ్చే ఆవిణ్ణి, కూతురితో సహా, బస్సెక్కి కూర్చున్నాక నేనే దింపించాను. మారుమాట లేకుండా సంచీ ఎత్తుకుని దిగిపోయింది. ఆవిడ ముఖం ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడే గుర్తుండాల్సింది.

"ఎవరా పార్టీ?" అన్నాను.

"ఉన్నార్లెండి."

"చార్టులో పేరు రాయాలిగా."

"ఖాళీగా ఉంచండి, తర్వాత చెబుతాను," అని కళ్ళజోడు సర్దుకున్నాడు. కొత్త కళ్ళజోడు. గోధుమరంగు ఫ్రేము, చెవి దగ్గర సన్నటి గీత. పోయిన ఆదివారం మా షాపు అద్దాల బీరువాలో దాన్ని నా చేత్తో తుడిచి పెట్టాను.

"కళ్ళజోడు బావుంది సార్. ఎప్పుడు తీసుకున్నారు?"

ఆయన చెయ్యి దాని మీదే ఆగిపోయింది. తల గోక్కున్నాడు. "చూడండి మేడమ్, నన్ను మధ్యలోకి లాగొద్దు. నిన్న షాపుకెళ్తే మీ ఆయనే అన్నారు. పెద్దావిడకి బాగోలేదు, ఈవిడ వినడం లేదు, మీరైనా కాస్త ఆపండీ అని. ఇంటి సంగతి కదా, నాకు మాత్రం సరదానా?"

అంటే పెద్ద పార్టీ మా ఆయనే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలో లేచింది కోపం అనుకున్నాను, కానీ అది కోపం కాదు. ఈ మనిషి నన్ను కూర్చోబెట్టడానికి ఎంత దూరమైనా వెళ్తాడని అర్థమై పుట్టిన భయం. ఇప్పుడు సరేనంటే, ఆ మెత్త కుర్చీలోకి నేనే నడిచి వెళ్ళి కూర్చున్నట్టు.

గడియారం రెండు చూపించింది. నా డ్యూటీ అయిపోయింది. నా తర్వాత కూర్చునే అబ్బాయి రానే వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాడు, అందుకే మేమంతా వాణ్ణి గడియారం అంటాం. పని నేర్పింది నేనే. వాడి ఎదుటే చార్టులో మూడు, నాలుగు కొట్టేసి, పాసు తీసి కంట్రోలరు చేతిలో పెట్టాను.

"ఇదిగోండి. రూలు ప్రకారం వదులుకున్నాను. ఇప్పుడీ సీట్లు ఎవరు ముందు డబ్బు కడితే వాళ్ళవి. అదీ రూలే."

బ్యాగు తీసుకుని, పక్క తలుపు గుండా బయటికెళ్ళి, నా కౌంటరు ముందు వరసలో నిలబడ్డాను. ఇరవయ్యారేళ్ళలో ఆ కిటికీకి ఇవతల నిలబడ్డం అదే మొదలు. ముందు పది మంది ఉన్నారు. ఇటు నుంచి చూస్తే కిటికీ ఎంత చిన్నదో! మనిషి మెడ వంచితే గాని మాట లోపలికి వెళ్ళదు. పాపం, జనం ఎందుకు కసురుకుంటారో కొంచెం తెలిసింది.

కంట్రోలరు నా వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి మేడమ్ ఇది? లోపలికి రండి. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. వరస మధ్యలో దూరకండి సార్. టికెట్ కావాలంటే వెనక్కెళ్ళి నిలబడండి."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం ఎర్రగా అయింది. వెనక్కీ వెళ్ళలేదు, ముందుకీ వెళ్ళలేదు, స్తంభం పక్కన నిలబడిపోయాడు.

వరస కదులుతోంది. నా ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది. ఒక్కొక్కరూ ఏ ఊరు చెబుతారా అని వింటున్నాను. ఎనిమిది మంది వేరే ఊళ్ళు. తొమ్మిదో వాళ్ళు ఒక జంట. "కొండ మీది ఊరికి రెండు. లోయ వైపు ఇవ్వండి," అన్నాడు ఆ అబ్బాయి. గడియారం తలెత్తి వాళ్ళ భుజాల మీదుగా నన్ను చూశాడు. "ఏడు, ఎనిమిది. అదీ లోయ వైపే," అన్నాడు. నేను నేర్పిన పాఠమే.

నా వంతు వచ్చింది. మెడ వంచాను.

"కొండ మీది ఊరికి. ఇద్దరం. ఒకరు పెద్దావిడ. లోయ వైపు ఇవ్వు నాయనా," అన్నాను. ఈ మాటలు ఎన్ని వేల మంది నోట విన్నానో! ఇప్పుడు నా నోటితో అన్నాను. వాడు "మూడు, నాలుగు అక్కా" అని టికెట్లు చింపి ఇచ్చాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయి.

ఇంటికెళ్ళి అత్తయ్యకి అంతా చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"వాడికి చిన్నప్పటి నుంచీ అదే బుద్ధి. నేను ఎటైనా వెళ్తానంటే నా చెప్పులు దాచేసేవాడు. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికాయి," అన్నారు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి టికెట్లు బల్ల మీద పెట్టాను. చూశారు. "పాసు ఏమైంది?" అన్నారు, ఏమీ ఎరగనట్టు.

"ఇచ్చేశాను. మీ పెద్ద పార్టీకి."

ఆయన పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

గురువారం పొద్దున ఆరుంబావు. ఆటో వాకిట్లో ఆగింది. పెట్టె ఎక్కించాను. టోపీ పెట్టుకుని, శాలువా కప్పుకుని అత్తయ్య గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. ఆవిడ చెప్పులు లేవు! మెట్ల కింద చూశాను, మంచం కింద చూశాను, బియ్యం డబ్బా కూడా తెరిచాను. మా ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు, తలకిందులుగా.

అరవయ్యో పడిలో అడుగుపెట్టబోతున్న మనిషి! నాకు కడుపులోంచి తన్నుకొచ్చింది అరుపు. అరవబోయేలోపు అత్తయ్య నా చెయ్యి నొక్కారు. కర్రతో ఆయన బూట్లు ముందుకు లాక్కున్నారు. రోజూ పాలిష్ చేసి షాపుకి వేసుకెళ్ళే నల్ల బూట్లు. అందులో కాళ్ళు దూర్చి, "లేసులు కట్టవే," అన్నారు. కట్టాను.

"అమ్మా! అవి నా షాపు బూట్లు!"

"అయితే నా చెప్పులేసుకుని వెళ్ళు. ఎక్కడున్నాయో నీకు తెలుసుగా."

ఆవిడ టపాటపా మెట్లు దిగి ఆటో ఎక్కారు. నేను గేటు దాకా వెళ్ళాక ఆయన వెనకాలే వచ్చారు, వట్టి కాళ్ళతో.

"మీరిద్దరూ లేకపోతే నాకు ఇంట్లో ఏం తోచదు," అన్నారు. ఆ గొంతు నిజంగానే చిన్నపిల్లాడి గొంతులా ఉంది. ఆ మాట మొదటి రోజే అనుంటే ఏమయ్యేదో. జాలేసింది, అబద్ధం చెప్పను. ఒక్క అడుగు వెనక్కి పడబోయింది కూడా. వరండాలో గోడకి ఆనించి ఉన్న చీపురు కనబడింది.

"తోచకపోతే ఆకులు ఊడ్చండి. కావలసినన్ని ఉన్నాయి," అని గేటు వేశాను.

మూడు, నాలుగు సీట్లలో కూర్చున్నాం. అత్తయ్యకి కిటికీ పక్క. బూట్ల కాళ్ళు హాయిగా చాపుకున్నారు. పక్క వరసలో ఒకటో నంబరులో ఎర్ర స్వెటరాయన. ఆయన్ని చూసి తల ఊపాను, దయగా. బస్సు ఊరు దాటింది, మైదానం దాటింది, మొదటి మలుపు తిరిగి కొండెక్కడం మొదలుపెట్టింది.

మా కిటికీలోకి రాయి వచ్చింది.

నల్లటి, తడిసిన, నాచు పట్టిన రాయి. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా. రెండో మలుపూ రాయే. మూడోదీ రాయే. అటు పక్కంతా ఆకాశం తెరుచుకుని ఉంది.

మెల్లగా అర్థమైంది. చార్టులో బస్సు మూతి నా వైపు. ఎదురుగా వస్తున్న మనిషి ఎడమచెయ్యి నా కుడి పక్కన ఉంటుంది. ఆ చిన్న సంగతి ఇరవయ్యారేళ్ళలో నా బుర్రకి తట్టలేదు. కాయితంలో ఎడమని చూసి బస్సులో ఎడమ అనుకున్నాను. కొత్త జంటలందరికీ గోడ చూపించాను. చిల్లర విసిరినవాళ్ళందరికీ లోయ చూపించాను. మరి ఒక్కరూ వచ్చి అడగలేదేం? దిగేటప్పుడు అదే సీట్లకి లోయ కనబడుతుంది కదా, అది చూసి సంతోషపడి వచ్చి చెప్పారు. నేను పొంగిపోయాను.

అత్తయ్యకి చెప్పేశాను. ఆవిడ ఒక నిమిషం రాయి వైపు చూశారు. తర్వాత బస్సంతా తిరిగి చూసేలా నవ్వారు. "అయితే నీతో దెబ్బలాడినవాళ్ళంతా బాగుపడ్డారన్నమాట!" నాకూ నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

"పోనీలెండి అత్తయ్యా. వచ్చేటప్పుడు చూద్..."

నాలుక కరుచుకున్నాను. ఎవరి మాట అది? నా నోట్లోకి ఎలా వచ్చింది?

లేచి నిలబడ్డాను. పై కడ్డీ పట్టుకుని అటు పక్కకి తిరిగాను. ఎర్ర స్వెటరాయన నిద్రపోతున్నాడు. ఆయన తల మీదుగా, కిటికీ నిండా, లోయ. కింద ఎక్కడో సన్నటి వాగు. అక్కడి నుంచి పైదాకా చెట్లు, ఎరుపు, పసుపు, ఇంకా పేరు తెలియని రంగులు. గాలి వచ్చినప్పుడల్లా ఒక వాలు మొత్తం కదిలి, ఆకులు గుంపులుగా లేచి, తొందరేమీ లేకుండా కిందికి దిగుతున్నాయి. నోటుబుక్కులో ఇది లేదు, ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను రాసుకోలేకపోయేదాన్ని.

పక్కన కర్ర టక్కుమంది. అత్తయ్య కూడా లేచారు. కొడుకు బూట్లలో కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చెయ్యి కర్ర మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి నిలబడ్డారు.

డ్రైవరు అద్దంలోంచి చూసి కేకేశాడు. "అమ్మా, మలుపులున్నాయి. మీకు సీట్లున్నాయిగా, కూర్చోండి!"

"కూర్చోనయ్యా," అన్నాను. "ఇరవయ్యారేళ్ళు కూర్చునే ఉన్నాను."